ట్రాలీకి టర్బో జోరు, సొంత చేతి రంగు: ఎంతవరకు సాధ్యం, ఎక్కడ ఆగాలి?

జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్‌కు మామిడి పోవాలన్నా, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ల పసుపు నిజామాబాద్ చేరాలన్నా, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన గుడ్డ గోదాముకు రావాలన్నా ముందుగా ఫోను వెళ్లేది ట్రాలీవాలాకే. మన దగ్గర ట్రాలీ అంటే ఎక్కువమందికి బొలెరో పికప్. ఆ తర్వాత టాటా బండ్లు, అశోక్ లేలాండ్ దోస్త్. ఉన్నది ఒక్క బండి, దానికి యజమానీ డ్రైవరూ తానే అయినవాళ్లు ఈ అడ్డాల మీద ఎందరో. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టి, మిగుల్చుకున్న సొమ్ముతో ఇక్కడ బండి కొన్నవాళ్లూ వీళ్లలో ఉన్నారు. అక్కడ టయోటా హైలక్స్ పికప్ నడిపిన కాలికి ఇక్కడి యాక్సిలరేటర్ బరువుగా తోస్తుంది. బండికి బలం పెంచాలి, రంగు మార్చి కొత్తదానిలా చెయ్యాలి, వీలైతే ఆ పనంతా తన చేతుల మీదే జరగాలి. ఈ కోరిక సహజమైనదే, గౌరవించదగినదే.

కానీ ఆ కోరికలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. టర్బో బలాన్ని పెంచడం సాంకేతికంగా ఎంతవరకు కుదురుతుంది? పెంచిన బలాన్ని రోడ్డు మీద వాడే హక్కు మనకు ఉందా? రంగు పని ఇంటి ముందు పెట్టుకుని చేసుకోవచ్చా? మూడింటికీ ఒకే జవాబు లేదు. విడివిడిగా చూస్తే తప్ప డబ్బు ఎక్కడ పెట్టాలో, చెయ్యి ఎక్కడ పెట్టకూడదో తేలదు.

టర్బో చేసే పని

కమ్మరి కొలిమిలో బొగ్గు ఎంత పోసినా తిత్తి ఊదకపోతే ఇనుము ఎర్రబడదు. ఇంజిన్‌కు టర్బో చేసే మేలు అదే. డీజిల్ మండాలంటే గాలి కావాలి, గాలి ఎక్కువ దొరికితేనే ఎక్కువ డీజిల్‌ను శుభ్రంగా మండించవచ్చు. సైలెన్సర్ గొట్టంలోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రంతో గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపడం దీని కిటుకు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ పొందాడు. చిన్న డీజిల్ బండ్ల టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని నిలబెట్టేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ పాడైనా, అందడం ఆలస్యమైనా ముందు దెబ్బతినేది టర్బోయే.

మన ఎండలకు ఈ లెక్క ఇంకాస్త కఠినంగా ఉంటుంది. జగిత్యాల జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. 15 డిగ్రీల చల్లటి గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 9 శాతం పలచన. అదే గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం ఉందనుకున్నా, బయటికి వచ్చేటప్పటికి దాని వేడి 145 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని 65 డిగ్రీలకు దించగలిగితే గాలి సాంద్రత దాదాపు పావు వంతు పెరుగుతుంది. అందుకే టర్బో బలమంటే టర్బో ఒక్కదాని బలం కాదు. ఇంటర్‌కూలర్ రెక్కల్లో పేరుకున్న బురద, వడ్ల పొట్టు, మగ్గాల నూగు కడిగేస్తే వచ్చే మేలు ఎండాకాలంలో యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే తెలుస్తుంది.

మన బండ్లలో ఉన్న బలం

బొలెరో పికప్‌లో ఉండేది 2,523 సీసీ టర్బో డీజిల్ ఇంజిన్. మోడల్‌ను బట్టి 70 నుంచి 80 హార్స్‌పవర్, టార్క్ 200 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి 2016లో బయటికొచ్చిన ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ 2.5 లీటర్ల ఇంజిన్‌తో 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. ఆ తర్వాతి 1.9 లీటర్ల ఇంజిన్ అంతకంటే చిన్నదైనా 160 హార్స్‌పవర్ దాటి, 360 న్యూటన్ మీటర్లు ఇస్తోంది. 2022లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన టయోటా హైలక్స్ 2.8 లీటర్ల ఇంజిన్ 200 హార్స్‌పవర్ దాటుతుంది, ఆటోమేటిక్ గేర్లతో 500 న్యూటన్ మీటర్లు.

ఈ అంకెలు చూసి బొలెరో బలహీనమైన బండి అనుకుంటే పొరపాటు. అది తక్కువ చుట్లలోనే లాగేట్టు, టన్నున్నర సరుకుతో రోజంతా నడిచేట్టు, ఏ ఊళ్లోనైనా రిపేరు అయ్యేట్టు తయారైంది. హైలక్స్‌కు ఉన్న బలం వెనక పెద్ద రేడియేటర్, గట్టి క్లచ్, వేరే గేర్ బాక్స్, పెద్ద బ్రేకులు, అంత బలానికి లెక్కవేసి చేసిన ఛాసిస్ ఉన్నాయి. ఇంజిన్ ఒక్కదాన్నే తీసుకుని ఒక బండిని ఇంకో బండితో పోల్చడం సరికాదు.

బలం పెంచే దారులు

మెకానిక్ షెడ్లలో వినిపించే దారులు ప్రధానంగా నాలుగు.

మొదటిది, టర్బో లేని పాత డీజిల్ జీపుకో ట్రాలీకో బయటి నుంచి టర్బో తెచ్చి బిగించడం. ఒకప్పుడు మన రోడ్లను ఏలిన కమాండర్ జీపులను ప్రేమగా దాచుకున్నవాళ్లకు ఈ ఆశ ఎక్కువ. టర్బోను మానిఫోల్డ్‌కు బిగించడం పనిలో తేలిక భాగం. దానికి ఆయిల్ వెళ్లే గొట్టం, తిరిగొచ్చే గొట్టం, ఇంటర్‌కూలర్, పంపులో డీజిల్ సర్దుబాటు, పెరిగిన ఒత్తిడిని తట్టుకునే హెడ్ గాస్కెట్ అన్నీ కుదరాలి. అన్నిటికంటే పెద్ద సమస్య పిస్టన్. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. మంట వేడి అంతకంటే చాలా ఎక్కువ. టర్బో ఇంజిన్లలో పిస్టన్ కిందివైపుకు ఆయిల్ చిమ్మి చల్లబరిచే ఏర్పాటు చేయడానికి కారణం ఇదే. ఆ ఏర్పాటు లేని పాత ఇంజిన్‌లో ఒత్తిడి పెంచితే బండి కొన్నాళ్లు ఉరుకుతుంది, తర్వాత బోరుకొస్తుంది.

రెండోది, ఇప్పటికే టర్బో ఉన్న కామన్ రైల్ బండికి కంప్యూటర్ లెక్క మార్చడం. రీమ్యాప్ అన్నా, ట్యూనింగ్ బాక్స్ అన్నా సారం ఒక్కటే: డీజిల్ ఎక్కువ పంపడం, టర్బో ఒత్తిడి పెంచడం. ఇది నిజంగా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్‌తో కొద్ది గంటల్లో బండి తీరు మారిపోతుంది. అయితే కంపెనీ వదిలిపెట్టిన ఆ మిగులు బలం ఊరికే వదిలింది కాదు. ఎండకు, కల్తీ డీజిల్‌కు, మూసుకుపోయిన ఫిల్టర్‌కు, ఓవర్‌లోడ్‌కు తట్టుకోవడానికి దాచిపెట్టిన రక్షణ అది. కారులో ఒక్కడే తిరిగేవాడికి ఆ రక్షణ తగ్గినా కొంతకాలం గడుస్తుంది. రెండు వేల కిలోల మక్కలు వేసుకుని ఎక్కుడు ఎక్కేవాడికి గడవదు. క్లచ్ ప్లేట్ జారడం మొదలవుతుంది, పొగ నల్లబడుతుంది. నల్లపొగ బలానికి గుర్తు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది పూర్తిగా మండకుండా గాలిలో కలిసిపోతున్న డీజిల్, అంటే జేబులోంచి పోతున్న డబ్బు.

మూడోది, పొగను శుభ్రపరిచే భాగాలు తీసేయడం. ఈజీఆర్ మూసేస్తే, డీపీఎఫ్ ఊడదీస్తే బండి తేలికపడుతుందని చెబుతుంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల లక్ష్యమంతా ఆ భాగాల మీదే నిలబడి ఉంది. ఆ పొగ పీల్చేది మన బడి పిల్లలూ, రోడ్డు పక్క కూరగాయలమ్మే అమ్మలూ. దీన్ని దారిగా లెక్కపెట్టడం కూడా తగదు.

నాలుగోది ఎవరికీ పెద్దగా నచ్చని దారి: కంపెనీ ఇచ్చిన బలాన్ని పూర్తిగా తిరిగి రాబట్టడం. నాలుగైదేళ్లు తిరిగిన ట్రాలీ ఫ్యాక్టరీ లెక్క ప్రకారం బలం ఇవ్వడం అరుదు. ఇంటర్‌కూలర్ గొట్టం క్లిప్పు దగ్గర సన్నగా గాలి లీకవుతుంది, ఇంజెక్టర్లు అరుగుతాయి, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండుతుంది, చక్రాల అలైన్‌మెంట్ తప్పుతుంది. టైరు సైజు పెంచితే బండి ఎత్తుగా కనపడుతుంది కానీ లాగే శక్తి తగ్గుతుంది. ఇవన్నీ సరిచేస్తే చాలా బండ్లకు కొత్త టర్బో అవసరమే కనపడదు. బరువుతో దూరం వచ్చాక ఇంజిన్ ఆపేముందు ఒక నిమిషం ఊరికే నడవనివ్వడం, ఆయిల్ వేళకు మార్చడం టర్బో ప్రాణం కాపాడే అలవాట్లు. ఖర్చు తక్కువ, ఫలితం ఖాయం.

ఇతర దేశాల అనుభవం

బలమైన టర్బో పికప్ చేయడం అసాధ్యమేమీ కాదు. 1991లో అమెరికాలో జీఎంసీ సైక్లోన్ అనే పికప్ వచ్చింది. 4.3 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌కు టర్బో పెట్టి 280 హార్స్‌పవర్ రాబట్టారు, నాలుగు చక్రాలకూ బలం ఇచ్చారు. నిలుచున్న చోటు నుంచి గంటకు 96 కిలోమీటర్ల వేగానికి ఐదు సెకన్లలోపే చేరేది. ఆ రోజుల్లో పేరున్న స్పోర్ట్స్ కార్లతో పోటీపడింది. అయితే దాని మోత సామర్థ్యం 500 పౌండ్లు, అంటే సుమారు 227 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలు ఐదు వేస్తే సరిపోయింది. మూడు వేల లోపే తయారైన ఆ బండి ఇవాళ అపురూపమైన వస్తువు. కానీ మన రైతుకు అది ట్రాలీ కాదు. వేగం కోసం చేసిన పికప్‌కు మోతను వదులుకోక తప్పలేదన్నది దాని పాఠం.

థాయ్‌లాండ్‌లో డీజిల్ పికప్‌ల డ్రాగ్ రేసింగ్ ఒక పెద్ద సంస్కృతి. డీ-మ్యాక్స్, హైలక్స్ అక్కడే తయారవుతాయి కాబట్టి విడిభాగాలు, పనితనం, పోటీ ట్రాకులు అన్నీ అందుబాటులో ఉంటాయి. ఆ పోటీ బండ్ల ఇంజిన్లు కొద్ది సెకన్ల పరుగు కోసం తయారైనవి. తరచుగా విప్పి, మార్చి, మళ్లీ బిగించుకునే బండ్లు అవి. కిరాయి మీద బతికే బండికి ఆ పద్ధతి సరిపడదు.

ఖతర్‌లో పనిచేసిన మనవాళ్లకు ఆ దేశపు ర్యాలీ డ్రైవర్ నాసర్ అల్-అత్తియా పేరు తెలిసే ఉంటుంది. ఆయన 2022లో, మళ్లీ 2023లో హైలక్స్‌తో డాకర్ ర్యాలీ గెలిచాడు. ఆ బండిలో 3.5 లీటర్ల రెండు టర్బోల ఇంజిన్ ఉంది. పేరు హైలక్సే, లోపల మాత్రం ఉక్కు గొట్టాలతో అల్లిన పోటీ ఛాసిస్. షోరూంలో కొన్న బండికి టర్బో మార్చి అక్కడికి చేరుకోలేదు. మొత్తం బండిని ఆ బలానికి తగ్గట్టు కొత్తగా కట్టారు. ఈ మూడు ఉదాహరణలూ చెప్పేది ఒక్కటే: బలం పెంచడమంటే బండి మొత్తాన్ని పెంచడం.

బలానికి ముందు బ్రేకు

బండి వేగం 60 నుంచి 80 కిలోమీటర్లకు పెరిగితే పెరిగింది 20 కదా అనిపిస్తుంది. కానీ ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. సరుకుతో కలిపి మూడు టన్నులున్న ట్రాలీకి 60 వద్ద అది దాదాపు 417 కిలోజౌళ్లు, 80 వద్ద 741. అంటే ఒకటీ ముప్పావు రెట్లు దాటింది. టర్బో బలం పెంచినవాడు బ్రేకు డ్రమ్ములూ లైనర్లూ పెంచకపోతే, ఆ తేడా మోసేది ఎదురుగా వచ్చే బైకు మీది కుటుంబం.

నిజామాబాద్ నుంచి ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి ఊళ్ల నడుమ నుంచే సాగుతుంది. ఒక చోట వడ్లు ఆరబోసి ఉంటాయి, ఇంకో చోట బడి వదులుతారు. ఇక కొండగట్టు సంగతి జగిత్యాల జిల్లాకు వేరే చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 11న అక్కడి ఘాట్ రోడ్డు దిగుతూ వందమందికి పైగా ఎక్కిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బరువు మించిన బండికి వాలు ఎంత ప్రమాదమో చూసిన నేల ఇది. ఇక్కడ బండి గురించి ఆలోచించేవాడు ముందు ఆగడం గురించి ఆలోచించాలి. కమాన్ పట్టీలు అదనంగా వేయించి బరువు పెంచుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. పట్టీలు మోస్తాయి, బ్రేకులు మోయవు.

చట్టం చెప్పేది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ మాటనే గట్టిపరిచింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182-ఏ సెక్షన్ కింద అనుమతి లేని మార్పులు చేయించే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలు కల్పించారు. ఇన్సూరెన్స్ సంగతి ఇంకా బాధాకరం. చెప్పకుండా మార్చిన ఇంజిన్‌తో ప్రమాదం జరిగితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఒక్క బండి మీద బతికే ఇంటికి ఆ దెబ్బ నుంచి లేవడం కష్టం.

రంగు విషయంలో చట్టం ఇంత కఠినంగా లేదు. ఉన్న రంగే మళ్లీ వేసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. రంగు మారిస్తే ఆర్టీఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆర్సీలో కొత్త రంగు రాయించుకోవాలి. ఫైనాన్స్ మీద ఉన్న బండి అయితే ఫైనాన్స్ వాళ్ల ఒప్పుకోలు కాగితం ముందే తీసుకోవాలి. సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ రంగు జోలికి పోకూడదు. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టర్ టేపుల మీద రంగు పడనివ్వకూడదు. ఛాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ అసలే పెట్టకూడదు.

రంగు పని: చేతికి అందే కళ

ఇంజిన్‌తో పోలిస్తే రంగు పని ఓపికున్న ప్రతివాడికీ అందుతుంది. పూతలో తప్పు జరిగినా ప్రాణం మీదికి రాదు, రుద్ది మళ్లీ వేసుకోవచ్చు. పని నేర్చుకునే ఆనందం కావాలనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పే సలహా ఇదే: మీ చేతులు రంగు మీద పెట్టండి.

ట్రాలీకి రంగు అంటే అలంకారం మాత్రమే కాదు, ఆయుష్షు. మానేరు ఇసుక తడి, యూరియా బస్తాల నుంచి రాలిన పొడి, పశువుల మూత్రం ఈ బండ్ల వెనక తొట్టిని లోపలి నుంచి తినేస్తాయి. అందుకే పని తొట్టి కిందనుంచి, మడతల నుంచి, డోర్ల అడుగు నుంచి మొదలవ్వాలి. బాగా కడిగి, గ్రీజు మరకలు థిన్నర్ గుడ్డతో తుడిచి, తుప్పు ఉన్న చోట వైర్ బ్రష్‌తో, ఆ తర్వాత 80 నంబరు పేపర్‌తో మెరిసే ఇనుము కనపడేదాకా గీకాలి. పొక్కులాగా ఉబ్బిన రంగు మీద పుట్టి పెట్టి దాచడం రోగాన్ని దాచడమే. చిల్లులు పడితే పుట్టి పనికిరాదు, రేకు వెల్డింగ్ చేయించాలి. గీకిన ఇనుమును రాత్రంతా వదిలేయకుండా అదే రోజు రెడ్ ఆక్సైడో, ఎపాక్సీ ప్రైమరో పట్టించాలి.

తర్వాత పుట్టి. పలచగా, రెండు మూడు సార్లు. 80 నంబరుతో ఆకారం, 180తో మెత్తదనం, 320తో అంచులు కలపడం. చేతి వేళ్లతో కాకుండా చెక్క దిమ్మె మీద పేపర్ చుట్టి రుద్దితేనే రేకు సమంగా వస్తుంది. కంటికంటే అరచెయ్యి బాగా పట్టిస్తుంది. కళ్లు మూసుకుని నిమిరితే పల్లం తెలిసిపోతుంది. దాని మీద సర్ఫేసర్, అది ఆరాక 400 నుంచి 600 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్దాలి. రంగు పనిలో పది వంతుల్లో తొమ్మిది వంతులు ఈ రుద్దుడే. స్ప్రే గన్ పట్టే వేళకు పని ఫలితం దాదాపు నిర్ణయమైపోయి ఉంటుంది.

గన్ పట్టాక మూడు సంగతులు గుర్తుంటే చాలు. రేకుకు జానెడు కంటే కొంచెం తక్కువ దూరం, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు. చెయ్యి విల్లులా వంగకుండా రేకుకు సమాంతరంగా కదలాలి. ప్రతి వరస ముందటి వరసలో సగం కప్పాలి. మొదటి కోటు పొగమంచులా పలచగా వేసి, పది పదిహేను నిమిషాలు ఆగి రెండో కోటు వేయాలి. తొందరపడి ఒకేసారి దట్టంగా వేస్తే రంగు కారుతుంది. మరీ దూరం నుంచి వేస్తే గరుకుగా, నారింజ తొక్కలా తేలుతుంది.

కాలం ఎంచుకోవడం మన ప్రాంతంలో సగం విజయం. మే ఎండలో థిన్నర్ గాల్లోనే ఎగిరిపోయి రంగు పొడిగా రాలుతుంది. వానాకాలంలో తేమ పట్టి తెల్లటి మసక కమ్ముతుంది. వరి కోతలు, రైస్ మిల్లుల దుమ్ము తగ్గాక డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దున మంచు ఆరిపోయాక పది నుంచి మధ్యాహ్నం మూడు లోపల పని చేసుకుంటే మేలు. జగిత్యాలలో పొట్టు, సిరిసిల్లలో మగ్గాల నూగు తడి రంగు మీద వాలకుండా నేల మీద నీళ్లు చల్లి, పాలిథిన్ తెరలు కట్టాలి. అద్దాలకు, లైట్లకు, నంబరు ప్లేటుకు మాస్కింగ్ టేపు, పాత వార్తాపత్రికలు చాలు. ఆరాక 1500, 2000 నంబరు పేపర్‌తో తేలిగ్గా రుద్ది పాలిష్ పడితే మెరుపు పైకొస్తుంది.

ఊపిరి ఖరీదు

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు. హార్డనర్ కలిపే పాలీయూరిథేన్ (పీయూ) రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపరలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా పట్టుకుంటుంది. ఒకసారి ఒంటికి పడని స్థితి వచ్చాక కొద్దిపాటి వాసనకే ఊపిరి అందకపోవచ్చు. ముక్కుకు కట్టుకునే రుమాలు గానీ, సర్జికల్ మాస్కు గానీ, దుమ్ము మాస్కు గానీ వీటిని ఆపలేవు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు, గాలి లాగే బూత్ ఉన్నచోటే పీయూ రంగు వేయాలి. ఇంటి ముందు పని చేసుకునేవాళ్లు సింథటిక్ ఎనామెల్ లాంటి, ఐసోసయనేట్ హార్డనర్ అక్కర్లేని రంగులకు పరిమితం కావాలి. వాటి థిన్నర్ ఆవిరి కూడా మంచిది కాదు, కాబట్టి ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. దగ్గర్లో పొయ్యి, బీడీ, వెల్డింగ్ నిప్పురవ్వ ఉండకూడదు. పిల్లలను, గర్భిణులను ఆ చాయలకు రానివ్వకూడదు. క్లియర్ కోటు మెరుపే కావాలనుకుంటే, రుద్దుడు పనంతా మీరు చేసుకుని చివరి కోటుకు మాత్రం బూత్ ఉన్న షెడ్డుకు బండి తీసుకెళ్లండి. ఖర్చులో పెద్ద భాగం కూలి కాబట్టి ఆదా చాలావరకు మీకే మిగులుతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల షెడ్లలో ఏళ్ల తరబడి రుమాలు కట్టుకుని గన్ పట్టే పెయింటర్ల సంగతి దీనికంటే బరువైనది. వాళ్ల దగ్గు గురించి అడిగేవాళ్లు లేరు. బండి మెరుపు చూసి మెచ్చుకునే మనం, ఆ మెరుపు వెనక ఒక ఊపిరి ఉందని గుర్తుంచుకోవాలి.

నేర్చుకునే చోటు

ఇంజిన్‌తో, బండితో ప్రయోగాలు చేయాలన్న కుతూహలాన్ని చట్టం పేరు చెప్పి చంపేయడం కూడా అన్యాయమే. దానికి సరైన మైదానాలు ఉన్నాయి. 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్ఏఈ ఇండియా పోటీల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు గొట్టాలు వంచి, వెల్డింగ్ చేసి, బండిని మొదటి నుంచి తామే కట్టి పోటీకి తెస్తారు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సిరిసిల్ల పక్కన మండెపల్లిలో డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని ప్రభుత్వం చేపట్టింది. మరమగ్గాన్ని శబ్దం విని సరిచేసే సిరిసిల్ల మేస్త్రీలు, గల్ఫ్ వర్క్‌షాపుల్లో పెద్ద ఇంజిన్లు విప్పిన కోరుట్ల, జగిత్యాల యువకులు ఇక్కడే ఉన్నారు. వీళ్లనూ ఈ సంస్థలనూ కలిపే వంతెన మాత్రం లేదు.

ఆ వంతెన పెద్ద ఖర్చు కాదు. ఒక్కో పట్టణంలో గంటకు ఇంత అని అద్దెకు దొరికే ఉమ్మడి పెయింట్ బూత్, గాలి అందించే మాస్కులతో సహా. టర్బో, ఇంజెక్టర్, బ్రేకు సామర్థ్యం కొలిచి కాగితం మీద ఇచ్చే ఒక పరీక్షా కేంద్రం. పాత ఇంజిన్ల మీద ప్రయోగాలు చేసుకోవడానికి ఐటీఐ ఆవరణలో ఒక షెడ్డు. మున్సిపాలిటీ, రవాణా శాఖ, ట్రాలీ యూనియన్లు కలిసి కూర్చుంటే ఇవి సాధ్యమే.

తేల్చి చెప్పాలంటే

రోడ్డు మీద కిరాయి తిరిగే ట్రాలీకి ఫ్యాక్టరీ లెక్క దాటి టర్బో బలం పెంచొద్దు. చట్టం ఒప్పుకోదు, ఇంజిన్ తట్టుకోదు, బ్రేకులు ఆపలేవు. ఆ డబ్బుతో ఇంటర్‌కూలర్ గొట్టాలు, ఇంజెక్టర్లు, బ్రేకు లైనర్లు, మంచి టైర్లు వేయించండి. బండి పోగొట్టుకున్న బలం తిరిగొస్తుంది, దానితో పాటు ఆగే శక్తి కూడా వస్తుంది. వేగం మీద మక్కువ ఉంటే రిజిస్ట్రేషన్ లేని పోటీ బండి మీద, మూసి ఉన్న ట్రాకులో తీర్చుకోండి. రంగు మాత్రం నిస్సంకోచంగా మీరే వేసుకోండి. ఒక చలికాలం ఓపికతో తుప్పు గీకి, పుట్టి రుద్ది, ఆర్సీలో రంగు రాయించుకుని రోడ్డెక్కిన బండి ఇంకా ఎన్నో పంటలు మోస్తుంది. స్ప్రే గన్ కొనేముందు సరైన మాస్కు కొనండి.